పూడిన తూము, పెరిగిన బీపీ

“తూము పూడిపోయిందంటే పూడిక తీయించడమే కదరా, దీనికింత ఆలోచన దేనికి?” అన్నారు పెదనాన్న. చేతిలో సీటీ యాంజియోగ్రామ్ (రంగుమందు ఎక్కించి రక్తనాళాల్ని చూసే స్కాన్) కవరు. ఎడమ కిడ్నీకి రక్తం తీసుకెళ్ళే ధమని మొదట్లోనే 75 శాతం సన్నబడిందని అందులో ఉంది. ఆయన కోనసీమలో శివారు రైతు. కాలువ చివర పొలం ఉన్నవాడికి నీళ్ళ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆయనకి 67 ఏళ్ళు. బీపీ పదిహేనేళ్ళుగా ఉంది, ఒక్క బిళ్ళతో సర్దుకుపోయేది. రెండేళ్ళ నుంచి మాత్రం మాట వినడం మానేసింది. బిళ్ళలు రెండయ్యాయి, మూడయ్యాయి, అయినా పై అంకె 170 దిగలేదు. నిరుడు వేసవిలో టౌనులో ఒక డాక్టరు గారు మందు మార్చి టెల్మిసార్టాన్ రాశారు. మంచి మందే. కానీ అది మొదలుపెట్టాక వారం పది రోజుల్లో రక్తపరీక్ష చేయించుకోవాలని ఎవరూ చెప్పలేదు. రెండో వారంలో విరేచనాలు పట్టుకున్నాయి. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ అప్పటికే నడుస్తోంది. నాలుగో రోజుకి మూత్రం తగ్గిపోయి, లేచి నిలబడితే తూలిపోతుంటే ఆసుపత్రిలో చేర్చాం. కిడ్నీ వడపోత తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే వ్యర్థం క్రియాటినిన్. అంతకుముందు 1.3 ఉన్నది 2.9కి చేరింది. ఆ మందులు ఆపి సెలైన్ ఎక్కించాక వారంలో 1.4కి దిగింది. అప్పుడు కిడ్నీ డాక్టరు, నెఫ్రాలజిస్టు గారు, ఈ మందుకి కిడ్నీ ఇంతలా కుదేలైందంటే రక్తనాళాలు ఒకసారి చూడాలన్నారు. స్కాన్‌లో కుడి కిడ్నీ 10.8 సెంటీమీటర్లు, ఎడమది 8.6. ఆ తర్వాత యాంజియోగ్రామ్, ఆ కవరు, పెదనాన్న ప్రశ్న.

ఆ ప్రశ్న చాలా సూటిగా ఉంది. దానికి వైద్యశాస్త్రం సూటిగా జవాబు చెప్పడానికి మాత్రం ఎనభై ఏళ్ళు పట్టింది.

కిడ్నీ పెట్టే ఫిర్యాదు

బీపీ ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి ప్రత్యేకంగా ఇదీ కారణమని చూపించలేం. వయసు, వంశం, ఉప్పు, బరువు అన్నీ కలిసి పెరిగేదే. మిగిలిన కొద్దిమందిలో వెతికితే దొరికే కారణాల్లో ముఖ్యమైనది ఈ కిడ్నీ ధమని సన్నబడటం. రిపోర్టుల్లో రీనల్ ఆర్టరీ స్టెనోసిస్ అని రాస్తారు.

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపిస్తే, అందులో లీటరు దాకా రెండు కిడ్నీలకే వెళ్తుంది. గుప్పెడంత అవయవాలకి అంత వాటా ఎందుకంటే, వడపోత ఆ ఒత్తిడి మీదే నడవాలి. ఒత్తిడి తగ్గిందా అని కనిపెట్టడానికి కిడ్నీలో ప్రత్యేకమైన కణాలున్నాయి. తగ్గిందనిపిస్తే అవి రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దాని ప్రభావంతో యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది ఒళ్ళంతా రక్తనాళాల్ని బిగిస్తుంది. ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ని కూడా లేపి, ఉప్పునీ నీళ్ళనీ బయటికి పోకుండా ఆపిస్తుంది. బీపీ పెరుగుతుంది. నిజంగా రక్తం కారిపోయినప్పుడో, వాంతులూ విరేచనాలతో నీరసించినప్పుడో ప్రాణం కాపాడేది ఈ ఏర్పాటే.

పెదనాన్నకి ఇది ఇలా చెప్పాను. మీ పొలం తూముకి గుర్రపుడెక్క అడ్డం పడిందనుకోండి. కాలువ నిండుగా పారుతోంది, మీ మడిలోకి మాత్రం నీళ్ళు రావడంలేదు. మీరు తూము చూసుకోకుండా కాలువలో నీళ్ళే లేవని పైకి ఫిర్యాదు పెట్టారు. పైవాళ్ళు నమ్మి లాకులు ఎత్తేశారు. మీ మడి కొంచెం తడిసింది గానీ, కాలువ పొడుగునా మిగతా వాళ్ళ గట్లు కోసుకుపోతున్నాయి. ఆ గట్లే మెదడూ, గుండే, కంటి నరాలూ. పక్కనున్న రెండో కిడ్నీ కూడా. దాని తూము బాగానే ఉంది కాబట్టి వరద నేరుగా దాని మీద పడుతుంది. కొన్నాళ్ళు అదే పాపం అదనపు నీళ్ళూ ఉప్పూ మూత్రంలోకి తోసి బీపీని కొంత దించుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని సన్న నాళాలూ మందంగా గట్టిపడతాయి. అక్కడి నుంచి తప్పు ఏ కిడ్నీదో విడదీసి చెప్పలేం.

రెనిన్‌ని 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కుందేళ్ళ కిడ్నీల నుంచి తీశారు. దాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే పాథాలజిస్టు కుక్కల కిడ్నీ ధమనికి చిన్న వెండి బిగింపు అమర్చాడు. ధమనిని పూర్తిగా మూయలేదు, సన్నబరిచాడంతే. బీపీ పెరిగింది. అప్పట్లో చాలామంది బీపీ పెరిగి కిడ్నీ చెడుతుందనే అనుకునేవారు. కిడ్నీకి రక్తం తగ్గినా బీపీ పెరుగుతుందని ఆ బిగింపు రుజువు చేసింది.

ఈ పనంతా మొదలవడానికి ధమని ఎంత సన్నబడాలన్నది కూడా ముఖ్యమే. సగానికి తగ్గినా కిడ్నీకి పెద్దగా తెలియదు. 60, 70 శాతం దాటితేనే అవతల ఒత్తిడి పడిపోతుంది. అందుకే రిపోర్టులో “40 శాతం” అని చూసి రాత్రంతా నిద్రపోకుండా కూర్చోనక్కర్లేదు.

ఒకే పేరు, మూడు జబ్బులు

ఇంటర్నెట్‌లో ఈ జబ్బు గురించి చదివి కంగారుపడే వాళ్ళకి నేను మొదట చెప్పేది, మీది మూటిలో ఏదో తెలుసుకోండని. వైద్యం పూర్తిగా దాని మీదే ఆధారపడుతుంది.

పెద్దవయసులో ఎక్కువగా వచ్చేది కొవ్వు పేరుకుని నాళం గట్టిపడటం. గుండె రక్తనాళాల్లో పూడికలు వచ్చేదీ ఇలాగే. గుండె నుంచి బయల్దేరే మహాధమని నుంచి కిడ్నీ ధమని చీలే చోటే, మొదట్లోనే ఉంటుంది. షుగరు, చుట్టా బీడీ సిగరెట్టు, కొలెస్ట్రాల్ దీని చుట్టాలు. పెదనాన్నది ఇదే. నలభై ఏళ్ళు చుట్ట కాల్చారు.

రెండోది ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా. ఇందులో కొవ్వుండదు, వాపుండదు. ధమని గోడే అక్కడక్కడ మందమై, మధ్యమధ్యలో ఉబ్బి, యాంజియోగ్రామ్‌లో పూసల దండలా కనిపిస్తుంది. నూటికి తొంభై మంది ఆడవాళ్ళే. ధమని మొదట్లో కాకుండా నడుమనో చివరనో వస్తుంది.

మూడోది మన దేశంలో మరిచిపోకూడనిది, టకయాసు ఆర్టిరైటిస్. మన ఆసుపత్రుల్లో అయోర్టో ఆర్టిరైటిస్ అని కూడా రాస్తారు. 1908లో జపాన్‌లో మికితో టకయాసు అనే కంటి డాక్టరు ఒక యువతి కంటి లోపల రక్తనాళాలు వింతగా అల్లుకుపోవడం చూసి చెప్పాడు, అందుకే ఆ పేరు. మహాధమనికీ, దాని కొమ్మలకీ వాపు వచ్చి గోడలు మందమై మూసుకుపోతాయి. ఎక్కువగా నలభై లోపు ఆడవాళ్ళకి వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో అరుదు గానీ, మన దేశంలో పిల్లల్లోనూ యువతుల్లోనూ కిడ్నీ ధమని వల్ల వచ్చే బీపీకి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద ఆగాలి, దాన్ని పట్టించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. టకయాసులో చేతులకి వెళ్ళే ధమనులు కూడా సన్నబడతాయి. పాతికేళ్ళ అమ్మాయి తలనొప్పి అని వస్తుంది. ఎడమ చేతికి పట్టీ కట్టి చూస్తే 104. ఏమీ లేదమ్మా, నీరసం అని బిళ్ళ రాసి పంపేస్తారు. అదే కుడి చేతికి కడితే 190 ఉండొచ్చు. రెండు చేతుల ధమనులూ సన్నబడి ఉంటే రెండిట్లోనూ తక్కువే చూపిస్తుంది. అప్పుడు తొడకి పెద్ద పట్టీ కట్టి కాలిలో చూస్తే గానీ అసలు బీపీ బయటపడదు. మణికట్టు దగ్గర నాడి రెండువైపులా సమానంగా కొడుతోందా అని వేలితో పట్టి చూడటానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పెట్టే డాక్టరుకి ఆ అమ్మాయి జీవితాంతం రుణపడి ఉంటుంది.

ఎప్పుడు అనుమానించాలి

ముప్పై లోపే బీపీ రావడం. ఇన్నాళ్ళూ అదుపులో ఉన్నది యాభై అయిదు దాటాక ఒక్కసారిగా మొండికేయడం. మూడు రకాల మందులు పూర్తి మోతాదులో వాడినా దిగకపోవడం. రెండు కిడ్నీల పొడవులో ఒకటిన్నర సెంటీమీటరుకి పైగా తేడా. ఏ కారణమూ లేకుండా రక్తంలో పొటాషియం తగ్గడం. పొట్ట మీద స్టెతస్కోపు పెడితే బొడ్డు పక్కన బుసమన్నట్టు శబ్దం. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మందు మొదలుపెట్టగానే క్రియాటినిన్ ఎగబాకడం. వీటన్నిటికంటే భయపెట్టేది మరొకటుంది. గుండె బాగానే పనిచేస్తున్నా అర్ధరాత్రి ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మనిషి లేచి కూర్చుని గాలి కోసం అల్లాడతాడు. ఆసుపత్రిలో నీరు తీస్తే తేరుకుంటాడు, కొన్ని వారాలకి మళ్ళీ అదే. రెండు కిడ్నీల ధమనులూ సన్నబడినవాళ్ళలో, ఒకే కిడ్నీ ఉండి దాని ధమని సన్నబడినవాళ్ళలో ఇది వస్తుంది.

పరీక్షల్లో మొదటిది డాప్లర్, అంటే ధ్వని తరంగాలతో రక్తప్రవాహం చూసే స్కాన్. సూది లేదు, రంగుమందు లేదు. చేసే మనిషి ఓపికా నేర్పూ మీద ఆధారపడుతుంది, లావుగా ఉన్నవాళ్ళలో, పొట్టలో గ్యాసు ఉన్నప్పుడు సరిగా కనిపించదు. సీటీ యాంజియోగ్రామ్ స్పష్టంగా చూపిస్తుంది గానీ దానికిచ్చే రంగుమందు బలహీనమైన కిడ్నీని ఇంకా కుంగదీయవచ్చు. అందుకే పెదనాన్న క్రియాటినిన్ కుదుటపడేదాకా ఆగి తీశారు.

భయపెట్టిన మందే అసలు మందు

ఈ వ్యవహారం మొత్తంలో జనాన్ని ఎక్కువ తికమక పెట్టేది ఇదే. జబ్బు యాంజియోటెన్సిన్ వల్ల వస్తోంది. దాన్ని అడ్డుకునే మందులు మన దగ్గరున్నాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి అది తయారవకుండా ఆపుతాయి, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి అది పనిచేయకుండా ఆపుతాయి. (వీటిలో మొదటి బిళ్ళ కాప్టోప్రిల్, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. బ్రెజిల్‌లో జరారాక అనే పాము విషం మనిషిని కుప్పకూల్చేలా బీపీ ఎందుకు పడగొడుతుందో వెతికిన వాళ్ళ శ్రమ నుంచి పుట్టింది.) మరి సరిగ్గా దొంగనే పట్టుకునే మందు పెదనాన్న కిడ్నీని ఎందుకు పడేసింది?

మళ్ళీ మడి దగ్గరికే వద్దాం. తూములోంచి నీళ్ళు తక్కువ వస్తున్నప్పుడు రైతు ఏం చేస్తాడు? దిగువ గండికి మట్టి వేసి, వచ్చిన నీళ్ళు పోకుండా నిలబెడతాడు. కిడ్నీ కూడా వడపోత ముడి (రక్తాన్ని వడకట్టే సన్న నాళాల ఉండ) నుంచి బయటికెళ్ళే సన్న నాళాన్ని యాంజియోటెన్సిన్‌తో బిగించి, లోపల ఒత్తిడి నిలబెట్టుకుంటుంది. ఈ మందులు ఆ గండిని తెరుస్తాయి. రెండో కిడ్నీ బాగుంటే పెద్ద తేడా పడదు. రెండూ సన్నబడితే, లేదా ఉన్నదొక్కటే అయితే, వడపోత కూలిపోవచ్చు. పెదనాన్నకి ఒకవైపే అయినా కుడి కిడ్నీ కూడా ఏళ్ళ తరబడి బీపీకి నలిగి ఉంది. దానికి విరేచనాలతో ఒంట్లో నీళ్ళు పోయాయి, ఆ పైన డైక్లోఫెనాక్. ఆ నొప్పి మందు లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది, బీపీ మందు బయటికెళ్ళే నాళాన్ని వదులు చేస్తుంది. రెండువైపుల నుంచీ దెబ్బ.

దీన్ని చూసి చాలామంది “ఆ మందు కిడ్నీ పాడుచేస్తుంది” అని జీవితాంతం దూరం పెడతారు. అది తప్పు. ధమని సన్నబడినవాళ్ళలో కూడా ఎక్కువమంది ఈ మందుని తట్టుకుంటారు, గుండెకీ మెదడుకీ దాని మేలు పెద్దది. చేయవలసింది తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, వారం రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడటం. క్రియాటినిన్ ఉన్నదానికి 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా కొనసాగిస్తారు. అంతకు మించితే, లేదా పొటాషియం పెరిగితే తగ్గించడమో ఆపడమో డాక్టరు నిర్ణయిస్తారు. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజున ఆ బిళ్ళ మింగేముందు డాక్టరుకి ఫోను చేయాలి. గర్భం దాల్చే ఆలోచన ఉన్న అమ్మాయిలైతే ముందే చెప్పాలి, గర్భంలో ఈ మందులు వాడకూడదు.

దీనికి తోడు ఆమ్లోడిపిన్ లాంటిది, నీరు తీసే బిళ్ళ, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, అవసరమైతే ఆస్పిరిన్. పొగాకు పూర్తిగా మానాలి. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఊరగాయతో కలిపి ఒక టీస్పూను.

పూడిక తీస్తే చాలదా?

ఇప్పుడు పెదనాన్న ప్రశ్న. అమెరికాలో 1938లో ఒక ఐదేళ్ళ పిల్లవాడికి చెడిన కిడ్నీ తీసేస్తే బీపీ మామూలైపోయిందని లెడ్‌బెటర్, బర్క్‌లాండ్ అనే వైద్యులు రాశారు. దాంతో చిన్నబోయిన కిడ్నీ కనిపిస్తే చాలు తీసేయడం మొదలైంది. 1956లో హోమర్ స్మిత్ అలాంటి 575 కేసులు పోగుచేసి చూస్తే, నయమైంది నాలుగోవంతు మందికే. 1978లో జూరిక్‌లో గ్రుంట్‌జిగ్ కిడ్నీ ధమనిలో బెలూన్ ఊది వెడల్పు చేశాక చాలామందికి కోత అక్కర్లేకుండా పోయింది, తర్వాత స్టెంట్లు, అంటే నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టాలు, వచ్చాయి. గుండెకి యాంజియోగ్రామ్ తీస్తూ పనిలో పనిగా కిడ్నీ వైపు కూడా చూసి, సన్నగా ఉంటే స్టెంటు వేసేసే రోజులు నడిచాయి.

అప్పుడు కొంతమంది, ఇది నిజంగా మేలు చేస్తోందా అని లెక్క కట్టారు. 2009లో వచ్చిన ఆస్ట్రల్ అధ్యయనంలో 806 మంది. సగం మందికి స్టెంటూ మందులూ, సగం మందికి మందులే. కిడ్నీ పనిలో, గుండె జబ్బుల్లో, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెంటు వేసే పనిలో మాత్రం 23 మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి, ఇద్దరు చనిపోయారు, ముగ్గురికి కాలో వేళ్ళో తీసేయాల్సి వచ్చింది. కొవ్వు గడ్డ పగిలి ముక్కలు కిందికి కొట్టుకుపోతే జరిగేది అదే. 2013 చివర్లో కోరల్ అధ్యయనం 947 మందితో వచ్చింది. మందులు జాగ్రత్తగా, గట్టిగా ఇచ్చారు. మూడున్నరేళ్ళ పైన చూశాక గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి కలిపి స్టెంటు వాళ్ళలో 35.1 శాతం, మందుల వాళ్ళలో 35.8. బీపీ పై అంకెలో స్టెంటు తెచ్చిన అదనపు తగ్గుదల 2 పాయింట్ల చిల్లర మాత్రమే.

ఎందుకిలా? మొదటి కారణం, ధమని సన్నగా కనిపించినంత మాత్రాన బీపీ దానివల్లే అని కాదు. మామూలు బీపీ ఇరవై ఏళ్ళు ఉన్నవాడికే కొవ్వు పేరుకుని ధమని సన్నబడుతుంది. రెండోది, ఏళ్ళ తరబడి నీరందని నేల చౌడు తేలిపోతుంది, తర్వాత తూము ఎంత బాగు చేసినా పంట రాదు. కిడ్నీ ఏడెనిమిది సెంటీమీటర్లకి కుంచించుకుపోయాక కథ అంతే. మూడోది, ఇప్పటి మందులు నిజంగానే బలమైనవి.

అయితే ఈ రెండు అధ్యయనాలు చూసి “స్టెంటు దండగ” అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆస్ట్రల్‌లో చేర్చింది, స్టెంటు మేలు చేస్తుందో లేదో డాక్టరుకే సందేహం ఉన్నవాళ్ళని. అర్ధరాత్రి ఊపిరాడక మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, రెండువైపులా సన్నబడి వారాల్లో క్రియాటినిన్ ఎగబాకుతున్నవాళ్ళు, అయిదారు మందులకి కూడా లొంగనివాళ్ళు వాటిలో చాలా తక్కువ. అలాంటివాళ్ళకి ధమని తెరవడం ప్రాణం నిలబెట్టొచ్చు. ఆలస్యం చేస్తే నేల చౌడెక్కుతుంది.

ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా దారి పూర్తిగా వేరు. అక్కడ బెలూన్‌దే మొదటి స్థానం, సాధారణంగా స్టెంటు అక్కర్లేదు. వయసులో ఉండి, బీపీ వచ్చి ఎంతోకాలం కాని వాళ్ళలో చాలామందికి మందులు తగ్గుతాయి, కొందరికి పూర్తిగా ఆగిపోతాయి. టకయాసులో ముందు వాపు చల్లార్చాలి. ప్రెడ్నిసొలోన్, దానికి తోడు మెథోట్రెక్సేట్ లాంటివి ఇచ్చి, వాపుని చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ దిగాక బెలూన్ గురించి ఆలోచిస్తారు. మంట రగులుతుండగా తెరిస్తే తొందరగా మళ్ళీ మూసుకుపోతుంది. బెలూన్‌తో కాని చోట పక్కదారి నాళం కుట్టే శస్త్రచికిత్స ఉంది.

పెదనాన్నకి ఇవేవీ వర్తించవు. ఒకవైపే సన్నబడింది, ఎడమ కిడ్నీ అప్పటికే చిన్నబోయింది, రాత్రిళ్ళు ఊపిరాడకపోవడం లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన అన్నయ్య, డబ్బు గురించి ఆలోచించొద్దు స్టెంటు వేసేయండి అన్నాడు. నెఫ్రాలజిస్టు గారు అరగంట కూర్చోబెట్టి, ముందు మందులు సరిగ్గా వాడి చూద్దాం అన్నారు. టెల్మిసార్టాన్‌ని 20 మిల్లీగ్రాములతో మళ్ళీ మొదలుపెట్టారు. పదో రోజున క్రియాటినిన్ 1.5. నెల తర్వాత 40 చేసి మళ్ళీ చూస్తే అదే 1.5. బీపీ ఇప్పుడు 136, 138 దగ్గర తిరుగుతోంది.

ఆరు నెలలకోసారి డాప్లర్. కుడివైపు కూడా సన్నబడటం మొదలైతే స్టెంటు మాట మళ్ళీ వస్తుందని ఆయనకి చెప్పారు. చుట్ట మానేశారు. మోకాళ్ళకి డైక్లోఫెనాక్ బదులు కాపడం, అవసరమైతే పారాసెటమాల్. వంతులవారీ నీళ్ళ లెక్క రాసుకునే పాత నోటుబుక్కులోనే వెనక పేజీల్లో బీపీ అంకెలు రాస్తున్నారు. మొన్న ఫోను చేసి, “పొద్దుటి నుంచి మూడు సార్లు వెళ్ళానురా, ఆ బిళ్ళ వేసుకోనా వద్దా?” అని అడిగారు. వేసుకోకండి, డాక్టరు గారికి ఫోను చేసి చెప్తాను అన్నాను.